పెండ్లికి పిలవనొచ్చిన దేవుడు

మా అవ్వను బాగుచెయ్యాలని నేను నడుం కట్టిన కాలం ఒకటుంది. నాకప్పుడు పదిహేడేళ్ళు. ఆమెకు డెబ్భై దాటి ఉంటాయి. ఆమె నమాజు సరైనది కాదని, ఆమె మాట మన మాట కాదని, ఆమె మొక్కులు మనకు తగినవి కావని నాకు గట్టి నమ్మకం. ఈ పనికి నన్నెవరూ పురమాయించలేదు. నంద్యాలలో నాకు ఖురాన్ చదవడం నేర్పిన ఉస్తానీ పెద్దల ముందు గొంతు లేపొద్దనే చెప్పింది గాని, అవ్వల తప్పులు దిద్దమని ఎన్నడూ చెప్పలేదు. నా అంతట నేనే నెత్తికెత్తుకున్నాను. దానివల్ల ఆమె ఏమేం వదులుకుందో నాకు తెలిసేసరికి చాలా ఏళ్ళు గడిచిపోయాయి.

మాది రెండూళ్ళ సంసారం. అమ్మ పుట్టిల్లు నంద్యాల. నాయనది ఆళ్లగడ్డను ఆనుకుని ఉన్న పల్లె. శిరివెళ్ల మీదుగా బస్సెక్కితే దాదాపు 40 కిలోమీటర్లు. అమ్మవాళ్ళు ఇంట్లో ఉర్దూ మాట్లాడే ముస్లిములు. నాయనవాళ్ళు దూదేకులవాళ్ళు. ప్రభుత్వం బీసీ-బి జాబితాలో దూదేకుల, లద్దాఫ్, పింజారి, నూర్ బాషా అని ఒకే వరసలో రాసిన పేర్లన్నీ మావే. పత్తిని ఏకి దూది చెయ్యడం, పరుపులూ దిండ్లూ కుట్టడం తాతముత్తాతల నాటి పని. నమ్మింది ఇస్లాం, బతికింది తెలుగులో. జోలపాటా తెలుగే, తిట్టూ తెలుగే, చావింట్లో ఏడుపూ తెలుగే. సీమలో ఈ రెండు రకాల ఇళ్ళ మధ్య పెళ్ళిళ్ళు అప్పట్లో అరుదు. ఉర్దూ ఇళ్ళకు దూదేకులవాళ్ళంటే ఒక మెట్టు కిందే. మా అమ్మా నాయనా ఒకే ఆఫీసులో పనిచేస్తూ ఇష్టపడి చేసుకున్నారు కాబట్టి ఆ మెట్టు మా ఇంట్లోకే వచ్చి కూర్చుంది.

నేను పెరిగింది నంద్యాలలో నానీ ఇంట్లో, చదివింది ఉర్దూ మీడియంలో. వీధి మొత్తం ఉర్దూ. అంగట్లో ఉప్పూ పప్పూ అడగడానికి సరిపోయేంత తెలుగు వచ్చేది. 1991లో పీవీ నరసింహారావు నంద్యాల ఉప ఎన్నికలో నిలబడి 5 లక్షలకు పైగా మెజారిటీతో గెలిచినప్పుడు, మా గోడల మీద రాసిన తెలుగు అక్షరాలను కూడబలుక్కుంటూ చదివింది బాగా గుర్తు. అప్పటికి నా తెలుగు చదువు అంతే. సెలవులకు అవ్వ దగ్గరికి పోతే ఆమె గబగబా మాట్లాడే సీమ తెలుగులో సగం నాకు అందేది కాదు. నేను ఉర్దూలో చెప్పింది ఆమెకు అసలే అందేది కాదు. నాయన మధ్యలో ఉంటే అటూ ఇటూ చెప్పేవాడు. లేకపోతే ఇద్దరం చేతులతో, ముఖాలతో నెట్టుకొచ్చేవాళ్ళం. చిన్నప్పుడు అది లోటని నాకు అనిపించనే లేదు. అవ్వ జొన్నరొట్టె చేత్తో తట్టి పెనం మీద వేసేది, నేను పొయ్యి ముందు కూర్చుని తినేదాన్ని. శెనక్కాయల ఊరిమిండి నూరితే మొదటి ముద్ద నాకే. నానీ ఇంటి దాల్చా, ఖుష్కాల కన్నా నాకు అదే ఎక్కువ ఇష్టంగా ఉండేది. ఇంటికొచ్చి ఆ మాట మాత్రం పైకి అనేదాన్ని కాదు.

అవ్వవాళ్ళ నడవలో దూలానికి ఒక విల్లు వేలాడుతుండేది. మనిషి పొడుగు కర్ర, దానికి బిగించి కట్టిన నరం తాడు. తాత ఎడమ చేత్తో విల్లు పట్టుకుని, కుడి చేత్తో కొయ్యగుండు తీసుకుని తాడు మీద కొట్టేవాడు. తాడు అదిరి, అట్టకట్టిన పత్తిని పింజ పింజగా విడదీసి పైకి ఎగరగొట్టేది. ఇల్లంతా ధూళి. తాత ముక్కుకు గుడ్డ కట్టుకునేవాడు, అయినా రాత్రంతా దగ్గేవాడు. అవ్వ పని ఆ తర్వాత మొదలవుతుంది. చారల గుడ్డతో కుట్టిన గలేబును నేల మీద పరిచి, దూదిని పొర పొరగా సర్ది, సన్నని బెత్తంతో తట్టి తట్టి ఎగుడుదిగుడు లేకుండా చేసి, దబ్బనంతో అంచులు కుట్టి, నడుమ అక్కడక్కడా దారపు ముడులు వేసేది. ఆ ముడి బిగువైతే పరుపు గుంటలు పడుతుంది, వదులైతే లోపల దూది జరిగిపోతుంది. ముడి వేసిన ప్రతిసారీ అరచేత్తో నొక్కి చూసేది. దిండ్లకు మటుకు పత్తి వాడేది కాదు, నల్లమల నుంచి వచ్చే బూరుగు దూదే కావాలి. ఆ దూది చెమటను పట్టదని, తలకు చల్లగా ఉంటుందని ఆమె లెక్క.

ఆ నేలే పత్తి నేల. నల్లరేగడి. నంద్యాలలో వ్యవసాయ పరిశోధన క్షేత్రం 1906లోనే పెట్టారు. అక్కడ తయారైన ఒక పేరున్న పత్తి వంగడాన్ని నరసింహ అంటారు. ఊరి రైతులు గింజ తీసిన పత్తి తెచ్చిస్తే తాత ఏకేవాడు, కూలి కింద కొంత దూది మిగిలేది. అందులో మంచిది, తెల్లనిది అవ్వ విడిగా తీసి ఒక మూటలో దాచేది. ఊళ్ళో ఎవరింట్లో దీపానికి వత్తి కావాలన్నా ఆ మూట విప్పాల్సిందే. రెడ్ల ఇళ్ళ ఆడవాళ్ళు వచ్చేవాళ్ళు, గుడి పూజారి భార్య వచ్చేది. అవ్వ పిడికెడు తీసిచ్చేది, డబ్బు తీసుకునేది కాదు. ఏడాదిలో ఒక్క రోజు మాత్రం ఆమె తనే ఆ దూది పట్టుకుని పోయేది. అది ఊరికి పారువేట వచ్చే రోజు.

తెలియనివాళ్ళ కోసం చెప్పాలి. ఆళ్లగడ్డకు అహోబిలం దగ్గరే. సంక్రాంతి మరునాడు, కనుమ రోజున, జ్వాలా నరసింహస్వామి, ప్రహ్లాద వరదస్వామి ఒకే పల్లకీలో అహోబిలం నుంచి ఊళ్ళ మీదికి బయలుదేరతారు. 40 రోజుల పాటు, 30కి పైగా పల్లెలు. స్వామి చెంచులక్ష్మిని పెళ్ళాడబోతున్నాడు, ఆ పెళ్ళికి రమ్మని ఆయనే ఊరూరా తిరిగి పిలుస్తున్నాడు అని జనం నమ్మకం. ఫాల్గుణంలో బ్రహ్మోత్సవాలప్పుడు ఆ కల్యాణం జరుగుతుంది. ప్రతి ఊళ్ళో పల్లకీ దిగడానికి ఒక అరుగు ఉంటుంది, తెలుపు అంటారు. పారువేట వచ్చిన రోజే ఆ ఊరికి పెద్ద పండగ. ఆడపిల్లలు పుట్టింటికొస్తారు, కొత్త గాజులు వేయించుకుంటారు, ఇంటింటా చుట్టాలు. మామూలుగా దేవుణ్ణి చూడాలంటే మనం పోవాలి. ఇక్కడ దేవుడే వస్తాడు.

అవ్వ ఆ రోజు తలంటుకుని, ఉతికిన చీర కట్టుకుని, స్టీలు పళ్ళెంలో ఏకిన దూది, టెంకాయ పెట్టుకుని తెలుపు దగ్గరికి పోయేది. జనంలో తోసుకుని ముందుకు పోయేది కాదు. ఒక పక్కన నిలబడి, దూది అందించి, కాసేపు చూసి వచ్చేసేది. వచ్చి పొద్దుగూకాక నమాజుకు నిలబడేది. ఆమెకు వచ్చినవి రెండు సూరాలే. అవి కూడా ఎవరో పలికితే విని పట్టుకున్నవి, ఆమె నోట్లో తెలుగు సూరాలైపోయాయి. పీర్ల పండగకు అగ్గిగుండం చుట్టూ తిరిగేది, మలీద ముద్దలు చేసి ఊరంతా పంచేది. ఆ మలీదను తెలుపు దగ్గర నిలబడే జనమే చేతులు చాచి తీసుకునేవాళ్ళు.

ఇంటర్ మొదటి ఏడాది సంక్రాంతి సెలవుల్లో నేను అక్కడున్నాను. అంతకు ముందు రెండేళ్ళుగా నేను మతం పుస్తకాలు ఎక్కువ చదువుతున్నాను. చదివింది నన్ను సరిచేసుకోవడానికి వాడుకోవలసింది. నేను మాత్రం పక్కవాళ్ళను తూచడానికి వాడాను. నానీ ఇంట్లో తప్పు పట్టడానికి ఏమీ దొరికేది కాదు. అవ్వ ఇంట్లో ఏది చూసినా తప్పే. అంతకన్నా లోపల ఇంకొకటుంది. క్లాసులో ఒకమ్మాయి మా నాయనవాళ్ళు దూదేకులవాళ్ళని తెలిసి, "అయితే నువ్వు సగమే" అంది. ఆ సగాన్ని తుడిచెయ్యాలని నాకు కసి. దానికి మా అవ్వ దొరికింది.

పళ్ళెం సర్దుకుంటున్న ఆమెకు అడ్డం నిలబడి, వచ్చీరాని తెలుగులో, ఇది తప్పు, పోకూడదు, అల్లా ఒప్పుకోడు అని చెప్పాను. ఆమె నవ్వింది. పెండ్లికి పిలవనొచ్చినోడు ఇంటి ముందర నిలబడితే తలుపేసుకుంటామా మ్మీ, అంది. పిలుపు పిలుపే, పెండ్లికి పోయేది పోనిది మనిష్టం, పిలిచినప్పుడు మాత్రం పలకాల గదా, అంది. నాకు మాట పూర్తిగా అర్థమైంది. అర్థం కాలేదని ఇప్పుడు చెప్పుకుంటే అబద్ధమవుతుంది. అర్థమయ్యే, ఇంకా గొంతు పెంచి, నువ్వు పోతే నేనింక ఈ ఇంటికి రాను, అన్నాను.

ఆమె పళ్ళెం కింద పెట్టింది. పక్కింటి పిల్లవాణ్ణి పిలిచి, దూది వాడి చేతికిచ్చి పంపింది. ఆ సాయంత్రం డప్పులు వినిపిస్తుంటే మేమిద్దరం ఇంట్లోనే ఉన్నాం. ఆమె నాకు ఓళిగలు చేసింది. నేను గెలిచాననుకుని తిన్నాను.

ఆ తర్వాత ఆమె ఏ ఏడాదీ పోలేదు. నేను రానన్న మాట వెనక, నువ్వు మానుకుంటే వస్తానన్న మాట ఉంది కదా. ఆమె తన వైపుది నిలబెట్టుకుంది. నేను పోలేదు. డిగ్రీ, బీఈడీ, ఉద్యోగం వేట అని ఏదో ఒకటి అడ్డం చెప్పుకున్నాను. పోయినా పొద్దున పోయి సాయంత్రం బస్సుకు వచ్చేసేదాన్ని. తాత పోయినప్పుడు కూడా అంతే. నేను పోయినప్పుడల్లా ఆమె నా ఎదుట నమాజు చేసి చూపించేది. నేను నేర్పిన ఒక సూరాను ఎంత కష్టపడి పట్టిందో, ఎవరిచేత చెప్పించుకుందో నాకు తెలియదు. చదివి నా ముఖం వైపు చూసేది. నేను తలాడించి, ఇంకొకటి చెప్పి వచ్చేదాన్ని. డెబ్భై దాటిన మనిషి మనవరాలి దగ్గర పాఠం అప్పజెప్పుకోవడం ఆ రోజుల్లో నాకు సంతోషంగా ఉండేది.

ఇప్పుడు పెళ్ళి సంగతి. ఇది రాయడానికే ఇదంతా మొదలుపెట్టాను.

2003లో నా పెళ్ళి నంద్యాలలో జరిగింది. అవ్వను పిలవడానికి నేను పోలేదు. మా చిన్నాన్న కొడుకు ఆళ్లగడ్డ బస్సెక్కుతుంటే కార్డు అతని చేతిలో పెట్టాను. కార్డు ఉర్దూలోనూ ఇంగ్లీషులోనూ ఉంది. చదువురాని మనిషికి ఏ భాషైనా ఒకటేనని సర్దిచెప్పుకున్నాను. దాంతో పాటు ఒక మాట కూడా చెప్పి పంపాను, బుర్ఖా వేసుకుని రమ్మను అని. ఆమె జన్మలో బుర్ఖా వేసుకోలేదు. పొలంలో పత్తి ఏరిన మనిషి, చీర కొంగు తల మీదికి లాక్కుంటే అదే ఆమె పరదా.

వచ్చింది. ఆళ్లగడ్డలో ఎవరినో అడిగి తెచ్చుకున్న నల్ల బుర్ఖా వేసుకుని, మే నెల ఎండలో వచ్చింది. ఆమెకు అది పొడుగు, నడుస్తుంటే కాళ్ళకు అడ్డం పడుతోంది. ఆడవాళ్ళ వైపు ఒక మూల కుర్చీలో కూర్చుంది. చుట్టూ ఉర్దూ. ఎవరో వచ్చి ఏదో అడిగితే నవ్వి ఊరుకుంది. నేను పెళ్ళికూతురి పీట మీద నుంచి ఆమెను చూశాను. పిలిచి పక్కన కూర్చోబెట్టుకోవచ్చు. మా అత్తగారివాళ్ళు అప్పుడే వచ్చి కూర్చున్నారు. ఈమె ఎవరని అడిగితే, ఏ భాషలో ఏమని చెప్పాలో అని నా గుబులు. తల పక్కకు తిప్పుకున్నాను. మళ్ళీ చూసేసరికి కుర్చీ ఖాళీగా ఉంది. చివరి బస్సు దొరకదని వెళ్ళిపోయిందని నాయన చెప్పాడు. భోజనం చేసిందా అని నేను అడగలేదు.

ఆమె బస్సు టాపు మీద వేసుకుని ఒక పరుపు, రెండు దిండ్లు తెచ్చింది. దూదేకులవాళ్ళ ఇంటి నుంచి ఆడపిల్లకు పోయే సారె అదే. అత్తగారింట్లో అప్పటికే షాపులో కొన్న ఫోమ్ పరుపు మంచం మీద పరిచి ఉంది. అవ్వ తెచ్చినదాన్ని తాళ్ళు కూడా విప్పకుండా అటక ఎక్కించారు. ఎక్కించమన్నది నేనే.

2005లో కడుపుతో ఉన్నప్పుడు నడుం పట్టేసి ఏ పక్కకు తిరిగినా నిద్ర పట్టేది కాదు. డాక్టరమ్మ మెత్తటి పరుపు మానేయమంది. అటక మీద ఉన్నది దించి తాళ్ళు విప్పాను. గలేబు కొత్త చారల గుడ్డ. ఒక మూలన, కుట్టు లోపలి వైపు, ఎర్రదారంతో ఒక చిన్న ముడి ఉంది. దాన్ని విప్పితే నాలుగుగా మడిచిన వందరూపాయల నోటు. పరుపు మీద చెయ్యి పెట్టి నొక్కి చూశాను. ఎక్కడా గుంట లేదు, గట్టి పడలేదు. అప్పటికే ఆమె చూపు మందగించింది, దబ్బనంలోకి దారం ఎక్కించడానికి పక్కింటి పిల్లలను పిలుచుకునేది. ఆ కళ్ళతో ఇన్ని ముడులు వేసింది. ఆ రాత్రి దాని మీదే పడుకున్నాను. తెల్లారి మా ఆయనను తీసుకుని ఆళ్లగడ్డ బస్సెక్కాను.

అవ్వ ఇంటికి పోయే దారిలో రెడ్లింటామె ఎదురుపడింది. మీ అవ్వకు మా మీద ఏమన్నా కోపమా పాపా, అని అడిగింది. ఏటా పారువేట నాడు ఒంట్లో బాగలేదని తలుపేసుకుని పడుకుంటుందట, దూది మాత్రం పిల్లల చేత పంపుతుందట. మేమేమన్నా అన్నామేమోనని ఎన్ని రకాలుగానో అడిగాం, ఏమీ లేదంటుంది, అంది. అంటే ఇన్నేళ్ళూ నా పేరు బయటికి రానీకుండా ఆమె ఊరికి అబద్ధం చెప్పింది. ఊరు తనదే తప్పేమోనని నొచ్చుకుంది. నేను ఒక మనిషి చేత ఒక పని మాన్పించాననుకున్నాను. అక్కడ ఆమెకూ ఊరికీ మధ్య ఉన్నదే తెగిపోయింది.

ఆమె కాళ్ళ దగ్గర కూర్చుని క్షమించమన్నాను. ఉర్దూలో మొదలుపెట్టి, ఆమెకు అర్థం కాదని గుర్తొచ్చి, తెలుగులో చెప్పాను. ఆమె ఆ మాట ఎత్తనీయలేదు. ఎన్నో నెల, ఏం తింటున్నావు, పుల్లగా తినాలనిపిస్తుందా అని అడిగింది. వచ్చే పారువేటకు ఇద్దరం కలిసి పోదాం అవ్వా, అన్నాను. ఆమె ఒప్పుకోలేదు. ఇప్పుడు పోతే, ఇన్నేండ్లు యాల రాలేదంటారు, ఏమని చెప్పాల మ్మీ, అంది. కోపంతో అన్న మాట కాదు. నిజంగానే ఆమె దగ్గర జవాబు లేదు. నేను పోవద్దన్నాను కాబట్టి మానింది. నేను పొమ్మన్నానని తిరిగి పోవడం మాత్రం ఆమె వల్ల కాలేదు. చివరిదాకా పోలేదు.

నాకు పుట్టిన కూతుర్ని తీసుకుని సెలవులన్నీ అక్కడే ఉండడం మొదలుపెట్టాను. అప్పుడు మా ఇద్దరి మధ్యా మాట మొదలైంది. నేను పేపరు తెచ్చి చదివి వినిపించేదాన్ని. ణ అనాల్సిన చోట న అంటే, ళ అనాల్సిన చోట ల అంటే ఆపి మళ్ళీ చదివించేది. అక్షరం రాని మనిషి నా చేత తెలుగు సరిగ్గా పలికించింది. ఈ రోజు నేను తెలుగులో రాస్తున్నానంటే బడి పెట్టిన భిక్ష కన్నా అవ్వ ఇంటి వరండా పెట్టిందే ఎక్కువ. నేను ఆమెకు అరబ్బీ సూరాల అర్థం తెలుగులో చెప్పేదాన్ని. అర్థం ఇదని అంతకు ముందు ఆమెకెవ్వరూ చెప్పలేదు, నేను కూడా. విని, ఇంత మంచి మాట అంటున్నానా నేను, అని ఆశ్చర్యపోయింది. మొదటినుంచీ ఈ పని చేసి ఉండాల్సింది నేను.

కడపలో టీచరుగా పనిచేసిన రోజుల్లో ఉగాది నాడు దేవుని కడప పోయాను. లక్ష్మీ వేంకటేశ్వరుడి గుడి ముందు వరసలో బుర్ఖాల్లో ఉన్న ఆడవాళ్ళు, టోపీలు పెట్టుకున్న మగవాళ్ళు బెల్లం, టెంకాయలు పట్టుకుని నిలబడి ఉన్నారు. బీబీ నాంచారి మా ఇంటి ఆడపిల్ల, ఆమెను చేసుకున్న స్వామి మాకు అల్లుడు అనేది వాళ్ళ లెక్క. అనంతపురం జిల్లా గూగూడులో కుళ్ళాయప్ప పీరు దగ్గర హిందువులు గుండం తొక్కుతారు. బనగానపల్లెలో ఉండి కాలజ్ఞానం చెప్పాడనే పోతులూరి వీరబ్రహ్మం గారికి అందరికన్నా దగ్గరి శిష్యుడు ముడుమాల సిద్దయ్య, దూదేకుల పిల్లవాడు. థర్‌స్టన్ దొర 1909లో అచ్చువేసిన దక్షిణాది కులాల పుస్తకంలో కూడా మావాళ్ళ మీద ఒక పద్దు ఉంది. లైబ్రరీలో దాన్ని తీసి చదువుతుంటే, మా అవ్వను నేను చూసిన చూపే ఆ దొర చూపు కూడా అనిపించి పుస్తకం మూసేశాను. బయటినుంచి వచ్చినవాడు అట్లా చూశాడంటే ఒక అర్థముంది.

తెలుపు దగ్గరికి పోవడం తప్పా ఒప్పా అని తీర్పు చెప్పే చదువు నాకు లేదు. నా నమాజు నాకుంది, ఒక్క పూట వదల్లేదు. నాతో ఏకీభవించని ముస్లిములు ఉంటారు, వాళ్ళ మాటకు విలువ లేదని నేననను. నేను చెప్పేది అంతకన్నా చిన్న విషయం. మా అవ్వ దాన్ని మర్యాద అనుకుంది. ఇంటి ముందుకొచ్చి పిలిచినవాడి ముఖం చూడకపోవడం ఆమె పెంపకానికి ఒప్పలేదు. ఆమెకది ఊరితో ఉన్న ఇచ్చిపుచ్చుకోలు, తాత చేతిపనికి ఏడాదికొకసారి దక్కే గౌరవం. దాన్ని ఆమె ఎదుట కూర్చుని ఏమిటని అడిగి తెలుసుకోవడానికి నాకు ఒక పూట చాలు. అడగకుండానే మాన్పించాను. పెళ్ళికి రమ్మని దేవుడే పల్లె పల్లె తిరిగే నేల మీద పుట్టి, 40 కిలోమీటర్లు పోయి మా అవ్వను నా పెళ్ళికి పిలవలేకపోయాను.

తాత విల్లును ఆమె అమ్మలేదు. కరెంటుతో దూది ఏకే మెషిన్లు వచ్చాక, షాపుల్లో ఫోము వచ్చాక, ఊళ్ళో ఎవరూ ఏకమని అడగడం లేదు. అయినా దుమ్ము దులిపి దూలానికే ఉంచింది. నా కూతురు దాన్ని లాగి వాయించేది. అవ్వ వద్దనేది కాదు. ఆ మోత వెనకనే అవ్వ నోట తత్వాలు వచ్చేవి. తాత పని చేస్తూ పాడేవాడట, సిద్దయ్యవి, ఇంకా ఎవరెవరివో. గుండు దెబ్బకు దెబ్బకు మధ్య పాదం సరిగ్గా ఇమిడేదట. చిన్నప్పుడు అవి నా చెవిన పడే ఉంటాయి, ఒక్కటీ గుర్తులేదు. తెలుగు పాటలు విని నేనేం చెయ్యాలి అనుకున్న పిల్లను.

రాసుకుందామని నోటుబుక్కు కొన్నప్పటికి ఆలస్యమైంది. పళ్ళు పోయి, ఊపిరి చాలక, పాదం మధ్యలో ఆగిపోయేది. ఆగినచోట తర్వాతి మాట కోసం తడుముకుని, మీ తాతకైతే వచ్చు, అనేది. దొరికినవి దొరికినట్టు రాశాను. కొన్నింటికి తల లేదు, కొన్నింటికి చివర లేదు. 2011లో ఆమె పోయింది. అవ్వను కడిగి, కఫన్ తొడిగేటప్పుడు పెట్టే దూది నంద్యాల మెడికల్ షాపులో కొనుక్కొస్తుంటే నాయన వద్దన్నాడు. ఆమె మూట అటక మీదే ఉంది. అందులోంచి తీసి వాడాం. రెడ్లింటామె, పూజారి భార్య వాకిట్లో నిలబడి ఏడ్చారు. ఆమె పారువేటకు ఎందుకు మానిందో ఆ రోజు వాళ్ళకు చెప్పాను. రెడ్లింటామె నన్ను తిట్టింది, గట్టిగానే తిట్టింది. అవ్వ తిట్టాల్సిన తిట్లు ఆమె తిట్టినట్టు నిలబడి విన్నాను.

ఆ ఇంట్లో ఇప్పుడు మా చిన్నాన్నవాళ్ళుంటారు. ఏటా పారువేటకు ముందు నేను పోయి దూది ఇచ్చి వస్తాను. అంతవరకే, తెలుపు దగ్గరికి నేను పోను. అది అవ్వ మర్యాద, ఆమె బదులు నేను పోయి నిలబడితే ఆ లెక్క తీరదు. నా కూతురికి తెలుగూ ఉర్దూ రెండూ బాగా వచ్చు, మా అమ్మతో ఒకటి, మా నాయనతో ఒకటి మాట్లాడుతుంది.

నోటుబుక్కులో సగం సగం ఉన్న తత్వాలు అట్లాగే ఉన్నాయి. రుద్రవరం వైపు ఒక పల్లెలో మావాళ్ళలోనే ఒక పెద్దాయన ఉన్నాడని, ఆయనకు ఇవన్నీ వచ్చునని, తాతతో కలిసి పాడేవాడని ఈ మధ్యనే తెలిసింది. తొంభై దాటాయట. రంజాన్ సెలవుల దాకా ఆగుదామనుకున్నాను గాని, ఆగి ఆగి నేను చేసుకున్నది చాలు. ఈ ఆదివారమే పోతున్నాను.